సరిహద్దు ఊళ్ళ నుంచి బయోఇన్ఫర్మాటిక్స్ పరిశోధనలోకి ఎలా వెళ్ళాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్ళలో పుట్టి, ఒడియా బడిలో చదువుకుని, బయాలజీ మీద ఇష్టం ఉన్న పిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఇది: "అక్కా, బయోఇన్ఫర్మాటిక్స్ అంటున్నారు కదా, ఏ కోర్సులో చేరాలి?" నా జవాబు ఎప్పుడూ ఒకటే. కోర్సు సంగతి తర్వాత. ముందు ఒక ప్రశ్న పట్టుకోండి. దాని మీద ఒక చిన్న పని మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో మీరే చేయండి. ఆ ఒక్క పని చేసినవాళ్ళకి తర్వాతి తలుపులు తెరుచుకోవడం చూశాను. చేయకుండా సర్టిఫికెట్లు పోగేసుకున్నవాళ్ళు ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే తడబడడం కూడా చూశాను.

డీఎన్‌ఏ అక్షరాలు, ప్రోటీన్ల ఆకారాలు, కణంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తోంది అన్న లెక్కలు, వీటన్నిటినీ కంప్యూటర్ సాయంతో చదివి అర్థం చేసుకోవడమే ఈ రంగం. మనిషి జన్యుసమాచారం సుమారు 300 కోట్ల అక్షరాలు. కాగితం మీద చదివే పని కాదు. పరికరాలు, పద్ధతులు తయారుచేసే వైపుని బయోఇన్ఫర్మాటిక్స్ అనీ, వాటితో జీవశాస్త్ర ప్రశ్నలకి జవాబు వెతికే వైపుని కంప్యుటేషనల్ బయాలజీ అనీ అంటారు. ల్యాబ్‌లో మాత్రం ఈ రెండు పనులూ ఒకరే చేస్తుంటారు. పేరు గురించి టెన్షన్ వద్దు.

ప్లస్ టూలో ఉన్నవాళ్ళు లెక్కలు వదలకండి

విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఉన్న చుట్టాలు "ఎంపీసీయా, బైపీసీయా?" అని అడుగుతారు. అక్కడ పిల్లలు చాలాకాలం ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చేది. ఒడిశా ప్లస్ టూ సైన్సులో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు లెక్కలూ బయాలజీ రెండూ తీసుకునే వీలుంది. ఈ రంగానికి అంతకన్నా మంచి పునాది లేదు. నీట్ కోసమని లెక్కలు వదిలేసిన పిల్లలు డిగ్రీలో సంభావ్యత, మాట్రిక్సులు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. అసాధ్యమేమీ కాదు, ఒక ఏడాది ఎక్కువ పడుతుంది.

తర్వాత దారులు చాలా ఉన్నాయి. బరంపురం పక్కన లౌడిగాంలోనే ఐసర్ ఉంది, సైన్స్ చదువూ పరిశోధనా కలిపి నడిపే కేంద్ర సంస్థ. 2016లో మొదలైంది. ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాసి ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్‌లో చేరవచ్చు. అలాంటిదే భువనేశ్వర్ దగ్గర నైసర్, దానికి నెస్ట్ అనే పరీక్ష. కంప్యూటర్ వైపు మొగ్గు ఉంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ చేసే డ్యూయల్ డిగ్రీ ఉంది. ఇవేవీ రాకపోతే ఊరి దగ్గర కాలేజీలో బాటనీ, జువాలజీ, బయోటెక్నాలజీ, ఫిజిక్స్, ఏ డిగ్రీ అయినా సరే. నేను చదివింది అలాంటి కాలేజీలోనే. "బయోఇన్ఫర్మాటిక్స్" అన్న పేరు డిగ్రీ మీద లేకపోయినంత మాత్రాన ఎవరూ తలుపు వేయరు.

లాప్‌టాప్, డేటా

గేమింగ్ లాప్‌టాప్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ చాలు. విండోస్ ఉంటే అందులోనే డబ్ల్యూఎస్‌ఎల్ అనే సదుపాయం పెట్టుకుని ఉబుంటు (ఉచిత లైనక్స్) నడపవచ్చు.

మన వైపు అసలు ఇబ్బంది నెట్. ఫోన్ హాట్‌స్పాట్‌లో రోజుకి 1.5 జీబీ. ఒక మనిషి పూర్తి జీనోమ్ ముడి డేటా 100 జీబీ దాకా ఉంటుంది. అందుకని పెద్ద ఫైళ్ళని మీ దగ్గరికి రప్పించకండి, పనినే వాటి దగ్గరికి పంపండి. గెలాక్సీ అనే ఉచిత వేదికలో ఖాతా తెరిస్తే, పబ్లిక్ డేటాబ్యాంకు నుంచి ఫైలు నేరుగా గెలాక్సీ సర్వర్‌కి వెళ్తుంది, విశ్లేషణ అక్కడే జరుగుతుంది, మీ ఫోన్ డేటా మీద పడేది తెర మీద కనిపించే పేజీ బరువే. గూగుల్ సర్వర్ మీదే నడిచే కొలాబ్‌లో పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) కూడా అంతే. పైగా మొదట్లో నేర్చుకోవడానికి పెద్ద ఫైళ్ళు అవసరమే లేదు. కరోనా వైరస్ జీనోమ్ మొత్తం 29,903 అక్షరాలు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో దానికన్నా బరువు.

మొదటి సాయంత్రం చేయాల్సిన పని

కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు మాట వినని ఇల్లు తక్కువ. అందుకే నేను ఎవరికి నేర్పినా దాంతోనే మొదలుపెడతాను.

ఎన్‌సీబీఐ (జన్యు వరసలు దాచే అమెరికా డేటాబ్యాంకు) సైట్ తెరిచి, న్యూక్లియోటైడ్ విభాగంలో ఎన్‌ఎం_000518 అని కొట్టండి. హీమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ తయారుచేసే హెచ్‌బీబీ జన్యువు సందేశం (ఎంఆర్‌ఎన్‌ఏ) వస్తుంది. అక్షరాల గుంపు చూసి కంగారు పడకండి. ప్రోటీన్‌గా మారే భాగం మొదటి అక్షరం నుంచి మొదలవదు, 51వ అక్షరం దగ్గర మొదలవుతుంది. పేజీలో సీడీఎస్ అన్న మాట మీద నొక్కితే ఆ భాగం రంగులో కనిపిస్తుంది. దాన్ని నోటుపుస్తకంలోకి చేత్తో ఎక్కించుకోండి, మూడేసి అక్షరాలుగా విడగొట్టి:

ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ, జీఏజీ.

ఏడో గుంపు చూడండి. జీఏజీ అంటే గ్లుటామిక్ ఆమ్లం. నడుమ ఏ పోయి టీ వస్తే జీటీజీ అవుతుంది, అది వాలీన్. ఆ ఒక్క అక్షరమే సికిల్ సెల్. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ మార్పు వస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా పేరుకుంటాయి, ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు. మీరు లెక్కపెడితే ఏడో స్థానం. పాఠ్యపుస్తకంలో ఆరో స్థానం అని ఉంటుంది. నేను రెండు రోజులు నా లెక్కే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ ఎంచాను. తప్పు నాదీ కాదు, పుస్తకానిదీ కాదు. మొదటి ఏటీజీ ఇచ్చే మెథియోనిన్ తయారీలోనే తెగిపోతుంది, పాతకాలం వాళ్ళు మిగిలిన ప్రోటీన్‌ని ఎంచారు. ఇప్పటి పద్ధతిలో మెథియోనిన్‌తో కలిపి ఎంచుతారు. అక్షరాల్లో చెప్పాలంటే 20వ అక్షరం ఏ నుంచి టీకి మారింది. పైథాన్‌లో రాస్తే అది 19 అవుతుంది, ఎందుకంటే పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఒకే చోటుకి నాలుగు అంకెలు. ఈ రంగంలో పెద్ద పెద్ద పొరపాట్లు చాలావరకు ఇలాంటి ఒక్క అంకె తేడాతోనే వస్తాయి. ఏ పద్ధతిలో ఎంచానన్నది పక్కన రాసుకునే అలవాటు ఆ సాయంత్రమే చేసుకోండి.

మర్నాడు ఆ ప్రోటీన్‌ని బ్లాస్ట్‌లో వేయండి. 1990 నుంచి లోకమంతా వాడుతున్న పనిముట్టు ఇది. మీ వరసని పోలిన వరసలు డేటాబ్యాంకులో ఎక్కడున్నా వెతికి తెస్తుంది. చింపాంజీ బీటా గ్లోబిన్ మనదానితో ఒక్క తేడా కూడా లేకుండా సరిపోతుంది. కోడిది చూడండి, చేపది చూడండి, తేడాలు పెరుగుతూ పోతాయి. పట్టికలో ఈ-వేల్యూ అని ఒక అంకె ఉంటుంది. ఇంత పోలిక ఊరికే కాకతాళీయంగా ఎన్నిసార్లు దొరకవచ్చో చెప్పే అంకె అది. ఎంత చిన్నదైతే పోలికని అంత నమ్మవచ్చు.

తర్వాతి ఆరు నెలలు

లైనక్స్ కమాండ్ లైన్ ముందు, పైథాన్ తర్వాత, స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ భాష ఆ తర్వాత. రోజాలిండ్ అనే ఉచిత సైట్‌లో చిన్న చిన్న లెక్కలు ఉంటాయి. డీఎన్‌ఏలో అక్షరాలు లెక్కపెట్టడంతో మొదలై మెల్లగా కష్టమవుతాయి. రోజుకి ఒకటి చేసినా చాలు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు డబ్బు కట్టకుండా వినవచ్చు.

అందరూ దాటేసేది స్టాటిస్టిక్స్. నా మాట విని దాని మీద ఎక్కువ రోజులు కూర్చోండి. మనిషికి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. జబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ నడుమ ఒక్కో జన్యువునీ విడిగా పరీక్షించి, పీ-వేల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) 0.05 కన్నా తక్కువైతే తేడా ఉన్నట్టే అనుకున్నారనుకోండి. నిజంగా ఏ తేడా లేకపోయినా దాదాపు 1,000 జన్యువులు తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. 20 వేలలో 5 శాతం అంతేగా. ఇది తెలియకుండా ప్రోగ్రాములు మాత్రం నడపడం నేర్చుకుంటే, తప్పుడు జవాబులు వేగంగా తీయడం నేర్చుకున్నట్టే.

డబ్బు గురించి ఒక మాట. నేను డిగ్రీ రెండో ఏట ఒక ఆన్‌లైన్ సంస్థకి ఆరు వారాల శిక్షణ అని డబ్బు కట్టాను. అమ్మ చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బు అది. వచ్చింది రికార్డు చేసిన స్లైడ్లు, చివర ఒక రంగుల సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ గురించి ఇప్పటిదాకా ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. "డబ్బు కట్టండి, రీసెర్చ్ పేపర్ మీద మీ పేరు వేస్తాం" అనేవాళ్ళు కూడా తగులుతారు. వాళ్ళ దరిదాపులకి వెళ్ళకండి. అలాంటి పేపర్ తర్వాత మంచి ల్యాబ్‌లో మీ దరఖాస్తుకే చెరుపు చేస్తుంది.

మీ నేల మీది ప్రశ్న

చాలామంది దరఖాస్తుల్లో క్యాన్సర్ గురించి రాస్తారు, ఎందుకంటే ఆన్‌లైన్ పాఠాలన్నీ క్యాన్సర్ డేటాతోనే ఉంటాయి. మీరు మీ చుట్టూ చూడండి. జయపురం ప్రాంతం వరి వైవిధ్యానికి ప్రపంచమంతా తెలిసిన చోటు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చింది. మరోవైపు ప్రపంచం నలుమూలల నుంచీ తీసిన మూడు వేలకి పైగా వరి రకాల జీనోమ్ డేటా ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఉంది. సువాసన ఇచ్చే జన్యువు ఒక్కటి తీసుకుని ఆ రకాల్లో ఎలా మారిందో చూడడం డిగ్రీ విద్యార్థి చేయదగ్గ పనే.

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలాదిగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్ర తాబేళ్ళ మైటోకాండ్రియా వరసలు డేటాబ్యాంకుల్లో ఉన్నాయి. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి, మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం గీస్తే నెల రోజుల ప్రాజెక్టు. మలేరియా మీద ఆసక్తి ఉంటే ఫాల్సిపారం పరాన్నజీవి జీనోమ్ 2002లోనే వచ్చింది. మందుకి లొంగని తత్వంతో ముడిపడ్డ కెల్చ్13 జన్యువులో మార్పుల గురించి చదవండి. సికిల్ సెల్ మీద 2023 జులైలో దేశవ్యాప్త మిషన్ మొదలైంది, 2047 నాటికి ఆ జబ్బుని నిర్మూలించాలన్నది లక్ష్యం. ఆ పనికి డేటా చదవగలిగినవాళ్ళు కావాలి. కువి, దేశియా, సవర మాటలు చెవిన పడుతూ పెరిగినవాళ్ళు అందులో ఉంటే ఇంకా మంచిది. ఆ భాషలు మీకు వస్తే దరఖాస్తులో తప్పకుండా రాయండి. చాలామంది రాయరు, అదేదో చెప్పుకోదగ్గది కానట్టు.

చేసిన పనినంతా గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని అందరికీ చూపించే సైట్) పెట్టండి. కోడ్ అందంగా లేకపోయినా పర్వాలేదు. డేటా ఎక్కడిది, ఏ తేదీన తీశారు, ఏ వెర్షన్ వాడారు, ఏం తేలింది, ఏం తేలలేదు, ఇవన్నీ ఒక పేజీలో రాయండి. ఇంకొకరు అది చదివి అదే జవాబు తీయగలగాలి.

ప్రొఫెసర్‌కి ఉత్తరం

వంద మందికి ఒకే మెయిల్ పంపితే ఒక్కరు కూడా చదవరు. పది మందిని ఎంచుకోండి. ఒక్కొక్కరిదీ ఒక పేపర్ నిజంగా చదవండి, అర్థంకాని చోట గుర్తు పెట్టుకోండి. మెయిల్ ఇంగ్లీషులోనే రాయాలి, కానీ పొట్టిగా. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి రాసిన మెయిల్ సారాంశం ఇది: "నేను గుణుపురం దగ్గర కాలేజీలో జువాలజీ మూడో ఏడు. మీ ఫలానా పేపర్లో రెండో బొమ్మని మీరిచ్చిన డేటాతో మళ్ళీ గీయడానికి ప్రయత్నించాను. మూడు నమూనాల దగ్గర నా అంకెలు మీ అంకెలతో సరిపోలేదు. లింకు ఇదిగో. తప్పు ఎక్కడ చేశానో తెలుసుకోవాలని ఉంది. వేసవిలో ఎనిమిది వారాలు మీ ల్యాబ్‌లో పనిచేసే వీలుందా?" ఏడు వాక్యాలు దాటలేదు. మార్కుల జాబితా జతచేసింది, పొగడ్త ఒక్కటీ లేదు. నాలుగో రోజున జవాబు వచ్చింది.

జవాబు రాకపోతే పది రోజులు ఆగి ఒకసారి గుర్తుచేయండి. తర్వాత వదిలేయండి. వాళ్ళకి మెయిళ్ళు కుప్పలుగా వస్తాయి, మిమ్మల్ని కాదన్నట్టు కాదు.

దీంతో పాటు మూడు సైన్స్ అకాడమీలు కలిపి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి తప్పక పెట్టండి. ప్రకటన చలికాలంలోనే వస్తుంది. వేసవి వచ్చాక వెతికితే గడువు దాటిపోయి ఉంటుంది. ఎంపికైతే రెండు నెలలు దేశంలో ఏదో ఒక మంచి ల్యాబ్‌లో ఉంటారు, స్టైపెండ్ ఇస్తారు.

పరీక్షలు, కాగితాలు

ఎమ్మెస్సీకి జామ్, గాట్-బీ, సీయూఈటీ పీజీ ప్రవేశపరీక్షలు. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓయూఏటీలో, పుణే విశ్వవిద్యాలయంలో, పాండిచ్చేరిలో బయోఇన్ఫర్మాటిక్స్ చదవవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సిస్టమ్స్ అండ్ కంప్యుటేషనల్ బయాలజీ విభాగమే విడిగా ఉంది. పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, డీబీటీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్షలు ఉన్నాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ లాంటివి సొంత పరీక్ష పెడతాయి. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. నెట్ ఏడాదికి రెండుసార్లు. లైఫ్ సైన్సెస్ సిలబస్ సముద్రమంత ఉంటుంది, మొత్తం ఈదాలని చూడకండి. మూడో భాగంలో విశ్లేషణ ప్రశ్నలకి మార్కులెక్కువ. గ్రాఫులు చదవడం వచ్చినవాళ్ళు అక్కడ నెగ్గుతారు, మీరు ఆరు నెలలు చేసిన పని అక్కడ అక్కరకొస్తుంది.

ఇక సరిహద్దు పిల్లలకి మాత్రమే తగిలే చిక్కులు. ఇంటిపేరు! మన ఇళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి బడుల్లో అది చివరికి వెళ్తుంది, లేదా ఒక్క అక్షరంగా మిగులుతుంది. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. నా ఫెలోషిప్ మొదటి డబ్బు నాలుగు నెలలు ఆగిపోయింది, ఒక ఆఫీసులో పేర్లు సరిపోలలేదని. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్నదాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ డిగ్రీలో ఉండగానే సరిచేయించుకోండి.

రెండోది కులధ్రువీకరణ. ఆంధ్రాలో మీ కులం ఏ జాబితాలో ఉందన్నది ఇక్కడ చెల్లదు, ఒడిశా జాబితాలో ఉండాలి. ఒడిశా ప్రభుత్వం వెనుకబడిన వర్గాలకి ఇచ్చే ఎస్‌ఈబీసీ పత్రం వేరు, కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. తహసీల్ ఆఫీసులో అడిగేటప్పుడు కేంద్రప్రభుత్వ నమూనాలో కావాలని గట్టిగా చెప్పండి. ఆంధ్రా, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో స్థానికుల కోటా మనకి వర్తించదు. అందుకే కేంద్ర సంస్థల మీద గురి పెట్టండి. అక్కడ మీరు ఏ రాష్ట్రంవాళ్ళో ఎవరూ అడగరు.

ఇంట్లో చెప్పడం

"డాక్టర్ కాదు, ఇంజనీరూ కాదు, మరి ఏమిటే ఇది?" అని మా నాన్న అడిగారు. ఆయనది బరంపురంలో పట్టు నేత పని. "నాన్నా, మగ్గం మీద ఒక్క పోగు తప్పితే చీరంతా తెలుస్తుంది కదా, అలా రక్తంలో ఒక్క అక్షరం తప్పితే ఏమవుతుందో వెతికే పని" అన్నాను. ఆయనకి వెంటనే అర్థమైంది. తర్వాత అడిగింది జీతం. దానికీ సూటిగా జవాబు చెప్పండి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. ఆ తర్వాత పోస్ట్‌డాక్ (కొన్నేళ్ళ తాత్కాలిక పరిశోధన), ఉద్యోగం కోసం వేట. అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో డేటా చదవగలిగినవాళ్ళని తీసుకుంటారు, అది రెండో దారి. ఈ లెక్కలు దాచి ఒప్పించకండి. నడుమలో ఇల్లు కుంగిపోతే మీ పని కూడా ఆగిపోతుంది. ఆడపిల్లలైతే పెళ్ళి మాట మూడో ఏట తప్పక వస్తుంది, అప్పుడు మీ తరఫున మాట్లాడే ఒక పెద్దమనిషిని ముందే సిద్ధం చేసుకోండి. నాకు మా మేనత్త నిలబడింది.

గైడ్‌ని ఎంచుకోవడం, నమూనాలు తీయడం

పెద్ద పేరు చూసి చేరకండి. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న ఇద్దరితో, వెళ్ళిపోయిన ఒకరితో మాట్లాడండి. మూడే మూడు ప్రశ్నలు: పీహెచ్‌డీ ఎన్నేళ్ళలో అయింది, పేపర్ మీద పేర్ల వరస ఎవరు తేలుస్తారు, తప్పు జరిగితే గైడ్ ఎలా మాట్లాడతారు. మూడోదానికి వాళ్ళు కాసేపు ఆగారంటే, ఆ మౌనాన్ని కూడా జవాబుగా రాసుకోండి.

చివరిగా, ఏదో ఒక రోజు మీరు మన వైపు ఊళ్ళకే రక్త నమూనాలకో వడ్ల నమూనాలకో వస్తారు. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క తీయకూడదు. సమ్మతి పత్రం ఇంగ్లీషులో చదివి వేలిముద్ర వేయించుకోకండి. ఆ ఇంటి భాషలో, వాళ్ళ అరుగు మీద కూర్చుని చెప్పండి. ఏం తీస్తున్నాం, ఎక్కడికి పంపుతున్నాం, వద్దంటే ఏమీ కాదు అని. పేర్లు, ఊరి పేర్లు డేటా ఫైల్‌లో ఉంచకండి. పదిళ్ళ పల్లెలో ఊరి పేరు చాలు మనిషిని గుర్తుపట్టడానికి. ఫలితం వచ్చాక ఏమని చెప్పాలో, ఎవరితో చెప్పించాలో బయలుదేరే ముందే ఆరోగ్యకేంద్రం డాక్టరుతో, ఆశా కార్యకర్తతో మాట్లాడుకోండి. సికిల్ సెల్ జన్యువు ఒక వైపు నుంచే వచ్చినవాళ్ళకి సాధారణంగా జబ్బు ఉండదు. కానీ ఆ మాట సరిగ్గా చెప్పకపోతే, ఆ ఇంటి ఆడపిల్లకి సంబంధాలు తప్పిపోతాయి. అందుకని ఫలితం కాగితం చేతికిచ్చి వచ్చేయకండి. కూర్చోండి, వాళ్ళు అడిగినన్ని సార్లు చెప్పండి, మళ్ళీ ఎప్పుడు వస్తారో తేదీ చెప్పి, ఆ తేదీకి వెళ్ళండి.